గాలి కోరే వేర్లు

ఇంట్లో ఫెలనాప్సిస్ ఆర్కిడ్ ఉన్నవాళ్లు కుండీ అంచు దాటి బయటికి వచ్చిన వేరు ఒకటి చూసుకుని, దానిమీద నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. అప్పటిదాకా బూడిద కలిసిన తెలుపులో ఉన్న వేరు, చుక్క పడిన మేర రెండు మూడు క్షణాల్లో పచ్చబడుతుంది. ఆ పచ్చదనం అప్పుడు పుట్టింది కాదు, లోపల ఎప్పుడూ ఉన్నదే. వేరు పైపొరలో నిండి ఉన్న గాలి కాంతిని చెదరగొట్టడం వల్ల మనకు తెల్లగా కనిపించింది. గాలి ఉన్న చోటికి నీరు చేరగానే పొర పారదర్శకమై లోపలి పత్రహరితం బయటపడింది.

తడిసిన వేరును ఇంకాస్త దగ్గరగా చూస్తే, పచ్చదనం మధ్య అక్కడక్కడ సన్నని తెల్లని గీతలు మిగిలి ఉంటాయి. ఎంత తడిపినా అవి తెల్లగానే ఉంటాయి. వాటిని న్యూమథోడ్‌లు అంటారు. చుట్టూ ఉన్న పొర అంతా నీటితో నిండిపోయినప్పుడు కూడా లోపలి కణాలకు గాలి అందేలా వేరు తనకోసం ఉంచుకున్న దారులు అవి. నీటిని అంత ఆత్రంగా పీల్చుకునే అవయవం, ఆ నీళ్లలోనే ఊపిరాడకుండా పోయే ప్రమాదానికి కూడా ముందే ఏర్పాటు చేసుకుంది. ఆర్కిడ్ కుండీ గురించి తెలుసుకోవలసిన దాంట్లో ముప్పాతిక భాగం ఈ గీతల్లోనే ఉంది.

ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదివిన వాళ్లకు వాండా అనే ఆర్కిడ్ పేరు, దాని వేరుకు ఉండే వెలామిన్ కణజాలం పేరు గుర్తుండే ఉంటాయి. పరీక్షలో రెండు మార్కులకు రాసి మర్చిపోయే విషయం కాదది. వేరుకు బయట తొడుగులా ఉండే ఈ పొరకు ఆ పేరు పెట్టింది జర్మన్ వృక్షశాస్త్రవేత్త మథియాస్ ష్లైడెన్, 1849లో. మొక్కలన్నీ కణాలతోనే నిర్మితమయ్యాయని చెప్పిన తొలి శాస్త్రవేత్తల్లో ఆయన ఒకరు. వెలామిన్‌లోని కణాలు పూర్తిగా ఎదిగేసరికి చచ్చిపోతాయి. లోపలి జీవపదార్థం పోయి, గట్టిపడిన గోడలు మాత్రమే మిగులుతాయి. కొన్ని జాతుల్లో అవి ఒకే వరుసలో ఉంటే, మరికొన్నింట్లో పది వరుసలు కూడా దాటుతాయి. ఈ ఖాళీ గదుల్లోకి నీరు బ్లాటింగ్ కాగితంలోకి సిరా పాకినట్టు పాకుతుంది. దాని కింద ఎక్సోడెర్మిస్ అనే మరో వరుస ఉంటుంది. అందులో చాలా కణాలు నీటిని రానివ్వని గోడలు కట్టుకున్నవే. మధ్యమధ్య పలుచని గోడలున్న కణాలు కొన్ని మాత్రం నీటికి, లవణాలకు దారి ఇస్తాయి. అంతకంటే లోపల వల్కలం, నట్టనడుమ నీటిని ఆకులదాకా మోసే నాళాలు ఉంటాయి. ఆ వల్కలంలో ఉన్న పత్రహరితమే మనకు చుక్క వేసినప్పుడు కనిపించింది. కాబట్టి ఈ మొక్కల్లో ఆహారం తయారు చేసే పనిలో వేరుకు కూడా వాటా ఉంది. ఫ్లోరిడా, క్యూబాల్లోని ఘోస్ట్ ఆర్కిడ్‌కు చెప్పుకోదగ్గ ఆకులే ఉండవు. చెట్టు బెరడును కరుచుకున్న వేర్లే మొత్తం మొక్కను పోషిస్తాయి.

చచ్చిన కణాల పొర ఎందుకు? చెట్టు కొమ్మమీద బతికే మొక్కకు నేలలో ఉండే నీటి నిల్వ లేదు. వాన కురిసిన కాసేపే నీరు. అందులోనూ మొదట జారే నీళ్లు ఆకులమీది ధూళిని, పక్షి రెట్టలను, కుళ్లిన బెరడును కడిగి తెస్తాయి కాబట్టి పోషకాలు ఆ కొద్ది నీటిలోనే ఎక్కువ. ఆ తొలి నీటిని పట్టుకోవడానికే ఈ పొర ఏర్పడి ఉంటుందని వృక్షశాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ 1940లో ప్రతిపాదించాడు. గెర్హార్డ్ జోట్జ్, ఉవే వింక్లర్ 2013లో ప్రచురించిన ప్రయోగాలు ఆ ఊహకు బలమిచ్చాయి. వెలామిన్ సెకన్లలో నిండుతుంది, ఆరడానికి గంటలు పడుతుంది, ఆ వ్యవధిలో లవణాలను పట్టి ఉంచి లోపలికి పంపుతుంది. 2015లో మరో బృందం, ఈ పొర లోపలి పత్రహరిత కణాలను అతినీలలోహిత కిరణాల నుంచి కూడా కాపాడుతుందని చూపించింది.

తడవడం, ఆరడం అనే ఈ రెండు దశలూ వేరుకు కావాలి. తడి ఎంత త్వరగా అందాలో, ఆ తర్వాత గాలి అంత ధారాళంగా ఆడాలి. ఇంట్లో ఆర్కిడ్ చచ్చిపోయిందంటే నూటికి ఎక్కువ పాళ్లు ఆ రెండో దశ దొరకకనే.

ఈ మొక్కల అసలు కాపురం ఎలాంటిదో చూడాలంటే మనవాళ్లు దూరం పోనక్కరలేదు. తెలుగునాట పాత మామిడి తోపుల్లో, ఇప్పచెట్ల మీద వాండా టెస్సెల్లాటా ఇప్పటికీ దొరుకుతుంది. గోధుమ, పసుపు గళ్ల రేకులు, ఊదారంగు పెదవి, మంచి వాసన. దీన్ని శాస్త్రలోకానికి బొమ్మతో సహా పరిచయం చేసిన విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి మన మొక్కలను చిత్రకారులచేత గీయించాడు. 1795లో లండన్‌లో మొదలైన ఆయన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథం మొదటి సంపుటంలో ఈ ఆర్కిడ్ ఉంది. నడివేసవిలో ఇది ఉన్న కొమ్మ దగ్గరికి వెళ్లి చూడండి. లావాటి వేర్లు బెరడు మీద బిగుసుకుని ఉంటాయి, కొన్ని గాలిలోకి వేలాడుతుంటాయి. మట్టి రేణువు కూడా వాటికి అంటి ఉండదు. చెట్టు రసాన్ని పీల్చే పరాన్నజీవి అని దీన్ని కొట్టిపారేసే రైతులు ఉన్నారు. అది నిజం కాదు. ఇది కొమ్మను ఆసరాగా మాత్రమే వాడుకుంటుంది, దాని వేరు చెట్టు లోపలికి దిగదు. అడవి మొక్కను పెరికి తెచ్చుకోవడం కూడా తప్పే. బెరడును కరుచుకున్న వేర్లు పెరికేటప్పుడు చీలిపోతాయి, తెచ్చిన మొక్కల్లో చాలావరకు బతకవు. ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రక్షణలో ఉంది.

రాక్స్‌బర్గ్ గ్రంథాన్ని అచ్చు వేయించడంలో పర్యవేక్షకుడు జోసెఫ్ బ్యాంక్స్. ఆయన తన తోటలో చెట్టెక్కే ఆర్కిడ్లను పుల్లల బుట్టల్లో నాచు వేసి పెంచి చూసినవాడు. సరైన దారే. కానీ ఆ తరువాతి తరం ఆంగ్లేయ తోటమాలులు చాలామంది ఆ దారి పట్టలేదు. ఉష్ణదేశాల మొక్క కాబట్టి దానికి ఉడుకు, చెమ్మ, చీకటి కావాలనుకున్నారు. తలుపులు బిగించిన గాజు ఇళ్లలో ఆవిరి పట్టించి, మొక్కలను మట్టి కలిసిన కుండీల్లో పాతారు. అప్పట్లో ఆర్కిడ్ శాస్త్రానికి పెద్ద దిక్కయిన జాన్ లిండ్లే కూడా 1830 ప్రాంతంలో అధిక వేడి, అధిక తేమ, గాఢమైన నీడ అవసరమనే చెప్పాడు. ఓడల్లో వేలకొద్దీ వచ్చిన మొక్కలు వేలకొద్దీ కుళ్లిపోయాయి. మార్పు తెచ్చినవాళ్లలో ముఖ్యుడు డెవన్‌షైర్ డ్యూక్‌గారి చాట్స్‌వర్త్ ఎస్టేట్ తోటమాలి జోసెఫ్ ప్యాక్స్‌టన్. 1835లో అక్కడినుంచి బయలుదేరిన జాన్ గిబ్సన్ అనే యువకుడు మన ఖాసీ కొండలకు వచ్చి ఆర్కిడ్లు పట్టుకెళ్లాడు. ప్యాక్స్‌టన్ గాజు ఇళ్ల వేడి తగ్గించాడు, కిటికీలు తెరిపించాడు. ఆ తరువాతే ఆర్కిడ్లు ఇంగ్లండులో నిలదొక్కుకున్నాయి. లిండ్లే అంతటి పండితుడికి పువ్వు నిర్మాణం కొట్టినపిండి. వేరు సంగతి మాత్రం రోజూ కుండీలు ఎత్తిపెట్టే తోటమాలి ముందు పట్టుకున్నాడు. విజ్ఞానం ఏ దారిన వస్తుందో చెప్పే ఉదంతంగా ఇది నాకు ఎంతో ఇష్టం.

ఇప్పుడు మన బాల్కనీలోని కుండీ దగ్గరికి వద్దాం. అందులో వేరుకు గాలి ఎందుకు అందకుండా పోతుంది?

అంకెల్లో చూస్తే సంగతి సూటిగా తెలుస్తుంది. వేసవి గదిలో, అంటే 30 డిగ్రీల దగ్గర, ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అదే ఉష్ణోగ్రతలో లీటరు నీటిలో కరగగలిగేది దాదాపు 7.5 మిల్లీగ్రాములే. ఉన్న ఆ కాస్తా కూడా నీటిలో గాలిలో కంటే పదివేల రెట్లు మెల్లగా కదులుతుంది. పైగా వేడి పెరిగేకొద్దీ నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, వేరు వాడుకునే ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ ఇంచుమించు రెట్టింపవుతుంది. కాబట్టి ఒకే నీళ్లు, ఒకే కుండీ ఊటీలో చేయని హాని విజయవాడలో చేస్తాయి. ఆక్సిజన్ అందని కణం పులియబెట్టే పద్ధతికి దిగుతుంది. గాలి ఉన్నప్పుడు ఒక గ్లూకోజ్ అణువు నుంచి ముప్పై దాకా ఏటీపీ అనే శక్తి అణువులు తీసుకునే కణానికి, ఇప్పుడు రెండే మిగులుతాయి. పక్కన ఆల్కహాలు పేరుకుంటుంది. లవణాలను లోపలికి లాగడానికి, కణపొరలను సరిచేసుకోవడానికి శక్తి చాలదు. అలా నీరసించిన వేరులోకి పిథియం, ఫైటోఫ్తొరా, ఫ్యుసేరియం వంటి తెగులు కారకాలు చేరతాయి. కుళ్లిన వేరు చూసి మనం బూజు మందు కొంటాం. బూజు ఆఖర్న వచ్చింది, ముందు పోయింది గాలి.

కుండీకి చిల్లులున్నాయి కదా, నీళ్లన్నీ కారిపోవా అని అడగవచ్చు. అన్నీ పోవు. కుండీలో పోసిన బెరడు ముక్కల మధ్య ఉన్న సన్నని సందులు కేశనాళికల్లా నీటిని పట్టుకుంటాయి. అందుకని కారడం ఆగిపోయాక కూడా కుండీ అడుగున కొంత ఎత్తు వరకు సందులన్నీ నీటితో నిండే ఉంటాయి. ఈ ఎత్తు కుండీ ఎంత లోతన్నదాన్ని బట్టి ఉండదు, లోపలి ముక్కలు ఎంత సన్నమన్నదాన్ని బట్టి ఉంటుంది. ముక్కలు పెద్దవైతే ఆ తడి పొర నామమాత్రం. అవే చివికి పొడి అయితే అంగుళాలకొద్దీ పైకి వస్తుంది. అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్మకం. నిజానికి పైనున్న సన్నని పదార్థంలో నీరు ఆ రాళ్లలోకి దిగకుండా వాటి పైనే ఆగుతుంది. తడి పొర వేర్లకు ఇంకా దగ్గరగా జరుగుతుంది.

కుండీ మార్చవలసిన అవసరం ఇక్కడినుంచే వస్తుంది. గులాబీకో మందారానికో కుండీ మార్చేది అది పెద్దదైందనో మట్టిలో సారం తగ్గిందనో. ఆర్కిడ్ కుండీలో పోసే బెరడు ముక్కల్లో, కొబ్బరి డొక్క ముక్కల్లో మొదటినుంచీ సారం పెద్దగా లేదు. వాటి మధ్య ఉన్న ఖాళీయే మనం కొన్నది. సూక్ష్మజీవులు ఆ ముక్కలను తింటూ ఉంటే అవి చిన్నవై కిందికి కుంగుతాయి, ఖాళీ పూడుతుంది. ఎరువుల లవణాలు పేరుకుంటాయి. హైదరాబాద్‌లో చాలాచోట్ల వచ్చే బోరు నీటిలాంటి కఠినజలం పోస్తే ముక్కలమీదా వేర్లమీదా తెల్లని పెళుసు పొర కడుతుంది. అది వేరు కొనలను కాలుస్తుంది. సాధారణంగా బెరడు రెండేళ్లు నిలుస్తుందంటారు. నేను మాత్రం క్యాలెండరు చూడమనను, చూపుడువేలు ముక్కల్లోకి దించి చూడమంటాను. ముక్క నొక్కితే గట్టిగా ఉందా, నలిగి పొడి అవుతోందా? నీళ్లు పోశాక నాలుగైదు రోజులకు కూడా లోపల చల్లగా తడి తగులుతోందా? మట్టి వాసనకు బదులు పుల్లని వాసన వస్తోందా? వస్తే రెండేళ్లు కాకపోయినా మార్చాలి.

మరో చిక్కు ఉంది. వేర్లు కుళ్లిన మొక్క ఆకులు ముడతలు పడి వాలిపోతాయి. నీరు లాగే వేర్లు లేక అవి నిజంగానే దాహంతో ఉన్నాయి. చూసినవారు దాహమే కదా అని ఇంకా నీళ్లు పోస్తారు. మిగిలిన నాలుగు వేర్లూ పోతాయి. ఆకు వాలిందంటే వేరును బయటికి తీసి చూడాలే తప్ప చెంబు అందుకోకూడదు.

ఎప్పుడు మార్చాలన్నది ఎలా మార్చాలన్నంత ముఖ్యం. ఆర్కిడ్లలో రెండు రకాల నడక ఉంది. ఫెలనాప్సిస్, వాండాలు ఒకే కాండంతో పైకి పెరుగుతాయి. డెండ్రోబియం, కాట్లియాలు పక్కకు జరుగుతూ ఏటేటా కొత్త కాడలు వేస్తాయి. మొదటి రకాన్ని పూలు రాలాక, పచ్చటి కొనతో కొత్త వేర్లు కదులుతున్నప్పుడు మార్చాలి. రెండో రకంలో కొత్త కాడ మొదట్లో వేర్లు ముల్లులా మొలకెత్తిన ఆ కొద్ది రోజులే మంచి అదను. అప్పుడు మారిస్తే ఆ వేర్లు కొత్త ముక్కల్లోకి నేరుగా దిగుతాయి. అవి నాలుగు అంగుళాలు పెరిగేదాకా ఆగితే మార్చేటప్పుడు కొనలు విరుగుతాయి. కొన్ని కాట్లియాల్లో పాత వేర్లకు పక్క కొమ్మలు వేసే శక్తి అంతగా ఉండదు కాబట్టి ఆ ఏటికి మొక్క వెనకబడుతుంది. మన ఎండలకు ఏప్రిల్, మే నెలలు పనికిరావు. తొలకరి పడి గాలిలో చెమ్మ చేరాక చేసుకుంటే మంచిది. మొక్కను మాత్రం వానలో పెట్టకూడదు. అయితే కుండీ లోపల కుళ్లు మొదలైందని తెలిస్తే అదను కోసం ఎదురుచూడకుండా ఏ నెలలోనైనా వెంటనే తీయాలి.

ముందురోజు మొక్కకు నీళ్లు పోయండి. తడిసిన వేరు వంగుతుంది, ఎండిన వేరు పెళుక్కున విరుగుతుంది. ప్లాస్టిక్ కుండీ అయితే చుట్టూ నొక్కి వదులు చేయాలి. మట్టి కుండీ గోడకు వేర్లు అతుక్కుని ఉంటే, వాటిని ఊడబెరికే కంటే కుండీ పగలగొట్టడమే మేలు. ఆ పెంకును వేరుతోపాటే కొత్త కుండీలో పెట్టేయవచ్చు. పాత ముక్కలన్నీ విదిలించి, వేర్లను పారే నీటి కింద కడగాలి.

ఏది బతికిన వేరు, ఏది చచ్చింది? ఇక్కడ రంగును నమ్మకండి. వెలుతురు తగలని వేరు పసుపు పచ్చగా, గోధుమ రంగులో ఉన్నా బతికే ఉండవచ్చు. వేళ్ల మధ్య పట్టి మెల్లగా నొక్కి చూడాలి. గట్టిగా నిండుగా ఉంటే బతికుంది. మెత్తగా నలిగి నీరు కారితే, లేదా పైతొడుగు జారిపోయి లోపల సన్నని తీగలాంటి నాళం చేతిలో మిగిలితే చచ్చింది. చచ్చినదాన్ని బతికిన భాగం దాకా కత్తిరించాలి. బతికిన వేరును అందం కోసమో కుండీలో పట్టడం కోసమో తెగ్గొట్టకూడదు.

కత్తెర విషయంలో ఎంత చెప్పినా తక్కువే. ఆర్కిడ్లకు వచ్చే వైరస్‌లలో రెండు ప్రపంచమంతా వ్యాపించాయి: సింబిడియం మొజాయిక్ వైరస్, ఓడంటోగ్లాసం రింగ్‌స్పాట్ వైరస్. రెండోది పొగాకును పీడించే మొజాయిక్ వైరస్‌కు దగ్గరి చుట్టం. ఈ రెండూ ఒక మొక్క నుంచి ఇంకొక మొక్కకు ముఖ్యంగా కత్తుల మీది రసం ద్వారా పాకుతాయి. వీటికి మందు లేదు. ఒక మొక్క కోయడం అయ్యాక కత్తెర అంచును మంటలో బాగా కాల్చి, చల్లారాకే రెండో మొక్కను ముట్టుకోవాలి. పాత ముక్కలను కూడా మరో ఆర్కిడ్‌కు వాడకూడదు. మామూలు పూలమొక్కల పాదుల్లో వేసుకోవచ్చు.

కొత్త కుండీ ఎంత ఉండాలి? మిగిలిన వేర్లు పట్టేంత. చాలామంది ఉదారంగా పెద్దది కొంటారు. వేర్లు లేని చోట ముక్కలు ఆరవు, ఆ తడి నడిమధ్యకు చేరుతుంది. సగం వేర్లు పోయిన మొక్కకు పాతదానికంటే చిన్న కుండీ కావలసి వచ్చినా జంకనక్కరలేదు. లోపల ఏం వేయాలన్నది మీ ఊరి గాలిని బట్టి తేల్చుకోవాలి. కాకినాడ, విశాఖల్లో గాలిలోనే చెమ్మ ఉంటుంది. అక్కడ బొగ్గు, పెంకు ముక్కలు, పక్కన చిల్లులున్న మట్టి కుండీ హాయిగా సరిపోతాయి. వాండాకైతే ఖాళీ చెక్క బుట్ట చాలు. హైదరాబాద్, కరీంనగర్ వేసవిలో అదే ఏర్పాటు పూటలోనే ఎండిపోతుంది. అక్కడ బెరడుకో బొగ్గుకో కొబ్బరి డొక్క ముక్కలు కలిపి, ప్లాస్టిక్ కుండీ వాడుకోవడం నయం. కోనసీమ పుణ్యమా అని డొక్కకు మనకు కొదవ లేదు. కాకపోతే పచ్చి డొక్కలో పొటాషియం, సోడియం లవణాలు, రంగు దిగే టానిన్‌లు ఎక్కువ. నీళ్లు మారుస్తూ కొన్నాళ్లు నానబెట్టి, గోధుమ రంగు దిగడం తగ్గాకే వాడాలి. తోట మట్టి మాత్రం ఒక్క పిడికెడు కూడా వద్దు. పూలతో కొన్న ఫెలనాప్సిస్‌లను చాలాసార్లు స్ఫాగ్నమ్ నాచు ముద్దలో కుక్కి అమ్ముతారు. కొలిచి నీరు పెట్టే హరితగృహంలో అది బాగానే నడుస్తుంది. ఇంట్లో ఆ ముద్ద నడుమ వారాల తరబడి ఆరదు. పూలయ్యాక దాన్ని పూర్తిగా తీసేయండి.

నాటేటప్పుడు ఫెలనాప్సిస్‌ను నడుమ ఉంచాలి. డెండ్రోబియం, కాట్లియాల పాత కాడలను కుండీ అంచుకు ఆనించి, కొత్త కాడ ముందు ఖాళీ ఉండేలా పెట్టాలి. గాలిలో పెరిగిన వేర్లను బలవంతంగా లోపల పాతకండి. అవి గాలికి అలవాటుపడినవి, పూడిస్తే తరచూ కుళ్లుతాయి. ఆ తరువాత మొక్క ఊగకుండా పుల్ల పాతి కట్టండి. చాలామంది తేలిగ్గా తీసుకునే పని ఇది. ఎత్తి దించినప్పుడల్లా మొక్క కదిలితే, కొత్త వేరు కొనలో ఎదిగే ఆ కొన్ని మిల్లీమీటర్ల లేత భాగం గరుకు ముక్కలకు రాసుకుని ఆగిపోతుంది.

కోసిన గాయాలు ఆరడానికి నాలుగైదు రోజులు కుండీలో నీళ్లు పోయకుండా, నీడలో, చెమ్మ ఉన్న చోట ఉంచాలి. ఎండ మరీ తీవ్రంగా ఉంటే పొద్దున్నే ఆకుల మీద పలుచగా నీళ్లు చిలకరించవచ్చు, మొవ్వలో మాత్రం నీరు నిలవకూడదు. తరువాత పోసేటప్పుడు చెంచాలతో కొలిచి కాక, అడుగునుంచి ధారగా కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచినది పారబోయాలి. అలా పోసిన నీరు పేరుకున్న లవణాలను కడుగుతుంది, దిగుతూ కొత్త గాలిని లోపలికి లాగుతుంది. మళ్లీ పోయడానికి పారదర్శకమైన కుండీ ఉంటే ఆధారం కళ్లముందే ఉంటుంది: గోడకు ఆనిన వేర్లు పచ్చగా ఉన్నంతసేపు ఆగండి, తెల్లబడ్డాక పోయండి. వాననీరు పట్టి పెట్టుకోగలిగితే అంతకంటే మంచిది లేదు.

మొదటి నెలలో ఆకులు కాస్త వాడినట్టున్నా కంగారుపడి ఎరువు వేయకూడదు. లవణాలు లోపలికి లాగే వేరు ఇంకా తయారు కాలేదు, వేసింది ముక్కల మీదే పేరుకుంటుంది. కొత్త వేరు రెండు మూడు అంగుళాలు సాగి, దాని కొన పచ్చగానో ఎర్రగానో మెరుస్తూ కనిపించాక, డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతు నీటిలో కలిపి మొదలుపెట్టండి.